గీతల తాడు

పక్కింటి ఆర్లీన్ డీట్జ్ జుట్టు కత్తిరించుకోడానికి వెళ్ళిన చోట అందట, ఆ కత్తెర మనిషి తన మొగుడితో చెప్పిందట, ఆ మొగుడు ఇనపసామాన్ల కొట్టు ఫ్లాయిడ్ చెవిన వేశాడట: కోచ్ మర్నా హోల్కమ్ ఈ ఏటితో చాలించుకుంటోంది, ఫ్లోరిడాలో సముద్రం ఒడ్డున ఇల్లు కూడా కొనేసిందని. శనివారం పొద్దున ఆరున్నరకి, మైదానంలో రంగు గీతలు వేసే తోపుడు బండికి కొత్త మూతి కోసం వచ్చిన మర్నాకి ఫ్లాయిడ్ ఆ కబురు వడ్డించాడు.

"ఎన్ని గదులంట?" అంది మర్నా, మూతిని వెలుతురుకెత్తి చిల్లు చూస్తూ.

"నన్నడుగుతావేం. కొన్నదానివి నువ్వు."

"ఓ గది నీకిస్తాలే. సముద్రంలో కాళ్ళు పెట్టుకు కూర్చుందువు గాని."

"నా కాళ్ళకి ఇక్కడి బాతుల చెరువు చాలు. మా ఆవిడ దగ్గర మాత్రం ఈ గది సంగతి ఎత్తకు."

ఓరెన్ ఫాల్స్ ఊళ్ళో మర్నా మీద ఇలాంటివి పుట్టడం కొత్త కాదు. ఒక ఏడు మగపిల్లల బాస్కెట్‌బాల్ కోచ్‌తో ఆమెకి పెళ్ళి చేసేశారు. ఇంకో ఏడు జుట్టు పొట్టిగా కత్తిరించుకుందని కేన్సర్ అంటగట్టి, మూడిళ్ళవాళ్ళు అన్నం వండుకొచ్చి గుమ్మంలో పెట్టారు. వద్దనకుండా తిన్నది. ఆర్లీన్ కోడలు కాలేజీ ఆఫీసులో పని చేస్తుందన్న సంగతి ఆమెకి తెలుసు. తెలిసినా ఆ పూట అది తట్టలేదు. మూతిని జేబులో వేసుకుని కారెక్కింది.

మైదానం కాలేజీ వెనక, మొక్కజొన్న చేల అంచున ఉంటుంది. అక్టోబరు నెలాఖరు కావడంతో చేలు సగం కోశారు, కోత యంత్రాల దుమ్ము మైదానం దాకా వచ్చి గడ్డి మీద పడుతోంది. ఈ ఊళ్ళో ఫుట్‌బాల్ అంటే మగపిల్లలు తలకి డిప్పలు తగిలించుకుని కోడిగుడ్డు లాంటి బంతి కోసం గుద్దుకునే ఆట. దానికి మెట్లున్నాయి, దీపాలున్నాయి, గీతలు వేయడానికి జీతగాళ్ళున్నారు. మర్నా ఆడించేది ఆడపిల్లల సాకర్. దానికి దక్కింది మురుగుకాలవ పక్క చెక్క. ఇక్కడ గీతలు మర్నాయే వేసుకుంటుంది, ఇరవయ్యారేళ్ళుగా.

యాభై తొమ్మిదేళ్ళ మనిషి. ఆరడుగులకి రెండంగుళాలు తక్కువ. ముఖం టోపీ అంచు దాకా ఎండకి కమిలి, ఆపైన నుదురు పిండిలా తెల్లగా ఉంటుంది. రెండు మోకాళ్ళకీ కోతలు పడ్డాయి, అందుకని మెట్లు దిగేటప్పుడు పీతలా పక్కకి తిరిగి దిగుతుంది. మెడలో ఈల ఉంటుంది గాని ఊదదు. ఆమె గొంతు చాలు, అవతలి చేలో కోత యంత్రం వాడు కూడా ఆగి చూస్తాడు.

కొట్టంలో మేకుకి వేలాడుతున్న తాడు తీసింది. వచ్చిన మొదటి ఏడు కొన్న తాడది. రంగు పట్టీ పట్టీ ఎముకలా గట్టిపడింది, పొడుగునా వేసిన ముళ్ళే. సంగతేమిటంటే ఆ మైదానం మూలలు సరిగ్గా కుదరవు. తూర్పు పక్క కాలవ లోపలికి తిరిగి నాలుగడుగులు మింగేసింది. టేపు పెట్టి కొలిచి గీతలు వేస్తే, గోలు ముందరి పెట్టె దారి తప్పిన గొడ్డులా ఒక మూలకి తిరిగిపోయి కనపడుతుంది. మొదటి రెండేళ్ళూ అలాగే వేసి అందరిచేతా నవ్వించుకుంది. ఆ తర్వాత కొలత వదిలేసి కంటిని నమ్మింది. ఇక్కడ జానెడు, అక్కడ బెత్తెడు సర్ది, ఎక్కడ సర్దిందో అక్కడ ముడి వేసింది. ఒంటి ముడి పడమటికి, జంట ముడి తూర్పుకి. మొత్తం నలభై ఒక్క ముళ్ళు. ఇవాళ చూసినవాళ్ళకి మైదానం వంకర పోల్చుకోవడం అయ్యే పని కాదు.

సగం అయ్యాక కెండ్రా వోస్ రెండు కాఫీలు పట్టుకుని వచ్చింది. మర్నాకి తొమ్మిదేళ్ళుగా సహాయకురాలు.

"పొద్దెక్కాక దిగబడ్డావా?"

"అలారం మోగలేదు కోచ్."

"పదిహేనేళ్ళ కిందట కూడా ఇదే అలారం. దాన్ని మార్చవే తల్లీ."

కెండ్రా నవ్వలేదు. కాఫీ అందించి, తాడు కొసన నేలలో దిగేసిన మేకు పట్టుకుని కూర్చుంది. ఈ పిల్లని జట్టులో ఆడించడానికి మిస్సోరీ సరిహద్దున ఒక రేకుల ఇంట్లోంచి తెచ్చింది మర్నా. మూడుసార్లు వెళ్తే మూడోసారి తలుపు తీశారు. రెండో ఏడు మోకాలు చిట్లితే తల్లి ఫోను కూడా చెయ్యలేదు. ఆ చలికాలమంతా మర్నా ఇంట్లో పై గదిలో ఉంది. స్నానాల గదిలో స్టూలు వేసి, కట్టు తడవకుండా కాలికి చెత్తసంచీ చుట్టి, తల రుద్దింది మర్నా. చదువయ్యాక ఎక్కడా పని దొరక్కపోతే ఈ సహాయకురాలి పని పుట్టించి ఇప్పించింది.

"ఇటు చూడు. ఈ జంట ముడి పెనాల్టీ పెట్టెది. దీనికి నాలుగు వేళ్ళ ఇవతల గీత. నేర్చుకోవే. రేపు నా మోకాళ్ళు మొరాయిస్తే ఎవరు వేస్తారు?"

"ఇంకోసారి చూపిద్దురు గాని కోచ్."

తొమ్మిదేళ్ళుగా ఆ పిల్ల చెబుతున్నది ఈ మాటే.

అంతలో జోసెట్ ఎంబుయి చేతి తొడుగులు చంకన పెట్టుకుని గోలు వైపు పోయింది. మూడో ఏడు చదువుతోంది, గోలు కాసే పిల్ల. ఆట ఉన్న రోజు అందరికన్నా ముందొచ్చేది ఆమే.

"మణికట్టు ఎలా ఉందే?" అని కేకేసింది మర్నా.

"బాగుంది."

వెనక కోచ్ అన్న మాట లేదు. తల తిప్పలేదు.

"వారం నుంచీ దీనికేం పట్టింది?"

"పరీక్షలనుకుంటా," అంది కెండ్రా, మేకుని మట్టిలోకి ఇంకా లోతుగా నొక్కుతూ.

జోసెట్ వాళ్ళది పందిమాంసం కర్మాగారం ఉన్న ఊరు. తల్లి అక్కడ కత్తి పని చేస్తుంది, కాంగో నుంచి వచ్చిన మనిషి. కోచ్‌లు పిల్లల్ని తమ జట్టుకి అడగడానికి ఇళ్ళకి వెళ్ళినప్పుడు పని జరిగేది వంటింట్లోనే. తండ్రులు హాల్లో ఆటల గురించి అడుగుతారు, తల్లులు వంటింట్లో అసలు సంగతి అడుగుతారు. ఆ రోజు జోసెట్ తల్లి పిండిముద్ద, చేపల పులుసు పెట్టింది. మర్నా కూడా చేత్తోనే తిన్నది. తిన్నాక తల్లి ఒక్క మాట అడిగింది, కూతురు తర్జుమా చేసింది: "నువ్వు ఉంటావా?" నాలుగేళ్ళూ ఉంటానని చెప్పింది మర్నా. చేతులు కడుక్కోకముందే చెప్పింది.

ఆ మాట తీరడానికి ఇంకొక్క ఏడాది ఉంది. ఆ తర్వాత తనే తప్పుకుందామనుకుంది. మొన్న ఆగస్టులో, వంటింటి బల్ల దగ్గర మొక్కజొన్న పొత్తులు ఒలుస్తూ, ఆ సంగతి కెండ్రాతో అన్నది కూడా. ప్రపంచంలో ఇంకెవరితోనూ అనలేదు.

పదింటికి వ్యాయామశాల కింద ఉన్న సామాన్ల గదికి వెళ్ళింది. ఉతికి ఆరిన చొక్కాలు, మేజోళ్ళు ఒక్కో పిల్లవి ఒక్కో పట్టీకి గుచ్చి ఉంటాయి, పట్టీకి నంబరు. అవి ఉతికేదీ మర్నాయే. నంబర్ల వరసన కొక్కేలకి తగిలిస్తుంటే తలుపు దగ్గర కొత్త పెట్టె కనపడింది. బట్టలు కుట్టే కంపెనీవాళ్ళది. పైన ఆడపిల్లల సాకర్ అని ఉంది. చివరి ఆటకి పిల్లలకి టోపీలు తెప్పించింది తనే, అవే వచ్చాయనుకుని టేపు కోసింది.

టోపీలు కావు. కోచ్‌లు వేసుకునే కాలరు చొక్కాలు, ఆరు. ముదురాకుపచ్చ మీద తెల్ల దారంతో కాలేజీ గుర్తు, దాని కింద రెండు వరసల కుట్టు: హెడ్ కోచ్. కెండ్రా వోస్.

ముందు నవ్వొచ్చింది. కుట్టేవాడు అసిస్టెంట్ బదులు పొరపాటున హెడ్ అని కుట్టాడనుకుంది. లోపల కాగితం ఉంటే తీసింది. వచ్చే ఏటి సరుకు, వసంతకాలంలో పంపవలసింది అని రాసి ఉంది. ఎవరో తొందరపడి ముందే పంపారు. అడిగిన తేదీ సెప్టెంబరు పంతొమ్మిది. అడిగినవారి సంతకం కె. వోస్. ఆ సంతకంలో కె అక్షరం కాలు పొడుగ్గా లాగడం మర్నాకి పదిహేనేళ్ళుగా తెలుసు.

సెప్టెంబరు పంతొమ్మిది సాయంత్రం ఏం జరిగిందో కూడా గుర్తుంది. ఆ రోజు కెండ్రా పుట్టినరోజు. కేకు చేసింది తను.

చొక్కా ఒకటి విప్పి ఒంటికి ఆనించుకుని చూసింది. అన్నిటికన్నా చిన్న సైజు. ఆమెకి అది ఒక భుజానికి సరిపోతుంది. విప్పినది విప్పినట్టే మళ్ళీ మడిచి, కాగితం పైన పెట్టి, పెట్టెకి టేపు వేసింది. తర్వాత మిగిలిన పట్టీలు తగిలించింది. పదిహేడు, పద్దెనిమిది, ఇరవై. ఒకటో నంబరు జోసెట్‌ది, అది చివర తగిలిస్తుంది ఎప్పుడూ.

క్రీడల డైరెక్టరు గ్రేడీ లున్‌బర్గ్ ఆమెని వెతుక్కుంటూ అక్కడికే వచ్చాడు. మర్నా కన్నా పద్నాలుగేళ్ళు చిన్న. షూ ఎప్పుడూ మెరుస్తుంటాయి, అందుకని మైదానంలోకి దిగడు. పెట్టె చూశాడు, టేపు చూశాడు, అతని ముఖం మారింది.

"మీతో ఈ పొద్దున్నే మాట్లాడదామనుకున్నా," అన్నాడు.

"పెట్టె ముందొచ్చింది."

"సీజన్ మధ్యలో చెబితే పిల్లల మనసు చెదురుతుందని ఆగాం. మీ మంచికే మర్నా. రిటైర్మెంటనే చెబుతున్నాం అందరికీ. గౌరవంగా ఉంటుంది."

"నేను గెలవట్లేదనా?"

"గెలుపోటముల గురించి ఎవరన్నారు. మీకు తెలుసు కదా, హాస్టళ్ళు ఖాళీగా ఉంటున్నాయి. ప్రతి కోచూ ఏడాదికి పాతికమందిని తేవాలి. మీరు ఏడుగురిని తెచ్చారు. ఒకమ్మాయికి మీరే వద్దని చెప్పారట, అప్పులపాలవుతావని. కెండ్రా ముప్పై పేర్లు తెచ్చింది."

ఆ పిల్లకి వద్దని చెప్పిన మాట నిజమే. ఆ పిల్ల ఇంటి పైకప్పు మీద వాన కురవకుండా టార్పాలిన్ పరిచి ఉంది.

"ఒక్క ఏడాది ఉండనివ్వు గ్రేడీ. నేనెప్పుడూ నిన్నేమీ అడగలేదు. ఒక్క ఏడాది, ఆ తర్వాత నువ్వు చెప్పక్కర్లేకుండా పోతాను."

గ్రేడీ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మీరే తప్పుకుంటానన్నారట కదా. కెండ్రా చెప్పింది. అలసిపోయారు, ఎప్పుడెప్పుడా అని చూస్తున్నారు, పైకి చెప్పలేకపోతున్నారని. అందుకే కదా మేం ధైర్యం చేసింది."

బట్టలారబెట్టే యంత్రం తన తిరుగుడు ముగించి, గుర్రుమని ఆగింది. మొక్కజొన్న పొత్తుల పొట్టు, బల్ల, ఎదురుగా కూర్చుని తలాడించిన పిల్ల, అన్నీ మర్నా కళ్ళకి కట్టాయి.

"మా పిల్లలకి తెలుసా?" అంది.

"సోమవారం కెండ్రా చెప్పింది. తమకి తెలుసని మీ దగ్గర బయటపడొద్దని, ఇవాళ మీకు ఆశ్చర్యంగా ఉండాలని మాట తీసుకుంది. కుర్చీ కూడా తెప్పించాం."

సోమవారం. వారం నుంచీ జోసెట్ ముఖం ఎందుకు తిప్పుకుంటోందో మర్నాకి అప్పుడు తెలిసింది.

సొంత మైదానంలో ఆ ఏటి చివరి ఆట నాడు, చదువు ముగించే పిల్లలు తల్లిదండ్రుల చేతులు పట్టుకుని మైదానం మధ్యకి నడుస్తారు. తల్లికొక పువ్వు, కోచ్‌కొక కౌగిలింత. ఈ ఏడు ఐదుగురు. ఒకమ్మాయి తండ్రి కోత ఆపి, నడుం దాకా దుమ్ముతోనే వచ్చాడు. మర్నా ఒక్కొక్కరి పేరూ చదివింది. కాగితం చూడకుండా ఒక్కొక్కరి గురించి ఒక్క మాట చెప్పింది. ఒకదానికి మొదటి ఏడంతా ఎడమకాలు ఉందని తెలియలేదని, ఇంకొకతి బస్సులో కక్కకుండా వచ్చిన ప్రయాణం ఒక్కటీ లేదని. తల్లులు నవ్వి కళ్ళు తుడుచుకున్నారు.

అప్పుడు ఇద్దరు కుర్చీ మోసుకొచ్చారు. నల్లటి చెక్క కుర్చీ, వీపు మీద బంగారు రంగు కాలేజీ ముద్ర. ఈ కాలేజీలో పని ముగించిన ప్రతివాళ్ళకీ అదే కుర్చీ. తోటమాలికీ అదే, లెక్కల మేష్టరికీ అదే. మధ్య వలయంలో, సరిగ్గా గీత మీద పెట్టారు. గ్రేడీ తన మెరిసే షూతో ఆ పూట మైదానంలోకి దిగి, మైకులో ఇరవయ్యారేళ్ళ సేవ, చక్కటి విశ్రాంతి, ఆమె సొంత నిర్ణయం అన్నాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు. ఆర్లీన్ డీట్జ్ అందరికన్నా ముందు లేచింది.

మైకు మర్నా చేతికిచ్చారు.

నిజం చెప్పడానికి ఆ మైకులో రెండు వాక్యాలు చాలు. ఆమెకి అవి నోటి దాకా వచ్చాయి. బెంచీ వైపు చూసింది. కెండ్రా పాత జాకెట్ జిప్పు పైకీ కిందికీ లాగుతోంది. జోసెట్ తన బూట్లకేసి చూసుకుంటోంది. ఇవతల ఐదుగురు తల్లులు పువ్వులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ పువ్వుల రోజు వాళ్ళది.

"కుర్చీ గీత మీద పెట్టారు. రంగింకా ఆరలేదు. పక్కకి జరపండి," అంది మర్నా. అందరూ నవ్వారు. మైకు ఇచ్చేసింది. కుర్చీలో కూర్చోలేదు.

ఆట చెరో గోలుతో సమంగా ముగిసింది. జోసెట్ చేతిలోకి వచ్చిన బంతిని జారవిడిచి గోలు ఇచ్చింది. మూడేళ్ళలో అలాంటి గోలు ఆమె ఇవ్వలేదు. మర్నా ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఒక్కసారి మాత్రం, జోసెట్ దూరంగా నిలబడితే ముందుకి రమ్మని కేకేసింది. జోసెట్ ఉన్నచోటే ఉంది.

జనం పోయాక మర్నా కొట్టంలోకి వచ్చి, బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుంది. మోకాళ్ళు సలుపుతున్నాయి. మేకు మీంచి తాడు తీసి ఒళ్ళో వేసుకుంది. కాసేపు ముళ్ళు లెక్కపెట్టినట్టు వేళ్ళతో తడిమింది. తర్వాత మొదటి ముడి విప్పడం మొదలుపెట్టింది.

రంగు పట్టిన ముళ్ళు అంత సులువుగా రాలేదు. బూటు మేకులు బిగించే దబ్బనంతో పొడిచి వదులు చేసి, గోళ్ళతో లాగింది. కొన్నిటికి పళ్ళు వాడింది. నోట్లో సున్నం రుచి తగిలింది. పడమటివి అయ్యాయి. తూర్పువి జంటవి, ఆలస్యమయ్యాయి. ఒక్కటి మాత్రం రాలేదు, పెనాల్టీ చుక్కది. దబ్బనం మొన వంగింది గాని అది కదల్లేదు. దాన్ని వదిలేసి, తాడు చక్కగా చుట్ట చుట్టి మేకుకి తగిలించింది.

కెండ్రా తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపట్నించి ఉందో.

"గ్రేడీ చెప్పాడు, మీరు పెట్టె చూశారని."

"ఊఁ."

"నేను కాదంటే బయటివాళ్ళని తెచ్చేవాళ్ళు కోచ్. అప్పుడు పిల్లలేమైపోతారు. నేను మన పద్ధతే..."

"పుట్టినరోజు కేకు బాగుందన్నావు," అంది మర్నా. "రెండు ముక్కలు తిన్నావు."

కెండ్రా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు నిజమైనవే. మర్నాకి ఆ ముఖం తెలుసు, కాలికి చెత్తసంచీ చుట్టుకున్న రోజుల నుంచీ. అదే ఎక్కువ బాధించింది.

"మీరే కదా అన్నారు, తప్పుకుంటానని."

"జోసెట్ చదువయ్యాక తప్పుకుంటానన్నాను. ఆ ముక్క ఎక్కడ పారేశావు?"

కెండ్రా ముక్కు తుడుచుకుంది. చూపు పక్కకి తిప్పుకోడానికి తాడు దొరికింది. చెయ్యి చాచి తడిమింది. ఇంకాస్త లాగి తడిమింది.

"కోచ్. ముళ్ళేవి?"

మర్నా మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. తాళాల గుత్తి తీసి గీతల బండి మీద పెట్టింది. అప్పుడే జోసెట్ వచ్చింది. తన ఒకటో నంబరు పట్టీ, చేతి తొడుగులు పట్టుకుని ఉంది. సీజన్ అయ్యాక అవి అప్పజెప్పేది మర్నాకే. ఈసారి మర్నాని దాటి వచ్చి కెండ్రా చేతిలో పెట్టింది.

మర్నా కెండ్రా ముఖంలోకి చూసింది. ఒక్క వాక్యం చెబితే చాలు ఆ పిల్ల. ఆమె తప్పు లేదు, నేనే అని. మర్నా ఆగింది, బస్సు తలుపు దగ్గర వెనకబడ్డ పిల్ల కోసం ఆగినట్టు ఆగింది.

కెండ్రా గొంతు సవరించుకుంది. "జోసెట్, కోచ్ వెళ్ళిపోతున్నారు. ఒక మంచి మాట చెప్పి వెళ్ళమ్మా," అంది.

జోసెట్ అప్పుడు తలెత్తి, వారం రోజుల తర్వాత మొదటిసారి మర్నా కళ్ళలోకి చూసింది.

"ఏం చెప్పాలి? మా అమ్మ చేతి కూడు తిని, మా వంటింట్లో కూర్చుని ఉంటానని చెప్పిందీవిడ. మా అమ్మ ఆ మాట నమ్మి నన్ను పంపింది. ఇప్పుడు ఫ్లోరిడా పోతోంది. పోనివ్వండి."

మేకు మీద తాడు, ఒక్క ముడితో.